అన్నం ముద్దకు అయిదు తూకాలు

ఎకరాకు ఎన్ని బస్తాలు... కిలో ఎంత? తిండి గురించి మనకు తెలిసిన లెక్కలు ఈ రెండే. మరి ఆ గింజ కోసం ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయి? గాలిలోకి ఏం చేరింది? నేల ఏమైంది? తిన్నవాళ్ల ఒంటికి ఏం పట్టింది? పండించినవాళ్ల చేతిలో ఎంత మిగిలింది? ఇవన్నీ కొలిచి, ఒక ప్రాంతం తింటున్న తిండి పదికాలాలపాటు నిలుస్తుందో లేదో తేల్చే పనిలో ఉన్నారు శాస్త్రవేత్తలు. నగరం మింగేస్తున్న శివారు పల్లెలకు ఆ లెక్క మరీ అవసరం.

ఆదివారం మధ్యాహ్నం. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, కోడికూర, టమాటా చారు, గడ్డపెరుగు. అత్వెల్లిలో ఓ మామూలు ఇంటి పళ్లెం ఇదనుకుందాం. మేడ్చల్‌ను ఆనుకుని, హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉంటుందీ ఊరు. ఒకవైపు పొలాలు, మరోవైపు గోదాములు, ప్లాట్ల హద్దురాళ్లు. పల్లె ఎక్కడ ఆగి పట్నం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం.

ఇంతకీ ఆ పళ్లెంలోకి ఏది ఎక్కడి నుంచి వచ్చింది? తాలింపు వేసిన పొద్దుతిరుగుడు నూనె ఉక్రెయిన్‌దో రష్యాదో అర్జెంటీనాదో అయ్యుండొచ్చు. మన దేశం వాడే వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతులే మరి. కందిపప్పు తాండూరుది కావచ్చు... మొజాంబిక్ నుంచి ఓడెక్కి వచ్చిందీ కావచ్చు. ఎండాకాలమైతే టమాటా మదనపల్లె నుంచి లారీలో వస్తుంది. కోడి దగ్గరి ఫారంలోనే పెరిగినా, అది తిన్న మక్కలూ సోయా ఎక్కడివో చెప్పలేం.

'అయితే ఏంటట? దొరుకుతోంది, కొంటున్నాం, తింటున్నాం కదా' అంటారా! నిజమే. ఇవాళ దొరుకుతోంది. ఇరవై ఏళ్ల తర్వాత మన పిల్లల పళ్లెంలోకీ ఇలాగే వస్తుందా అన్నదే ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ముందు కొలవాలి. దేన్ని కొలవాలి, ఎలా కొలవాలి అన్న దగ్గరే ఉంది అసలు చిక్కంతా.

ద్రాక్షతోటలు చెప్పే పాఠం

తప్పు తూకం ఎంత మోసం చేస్తుందో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మేడ్చల్, శామీర్‌పేట దారులే సాక్ష్యం. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలు ద్రాక్షకు పెట్టింది పేరు. పెద్దపెద్ద గుత్తులతో లేత ఆకుపచ్చగా ఉండే 'అనాబ్-ఎ-షాహీ' రకాన్ని 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు పరిచయం చేశారంటారు. ఆ తీగ ఈ ఎర్రనేలకు, ఈ పొడి వాతావరణానికి ఎంత చక్కగా అతుక్కుపోయిందంటే, ఎకరా దిగుబడి చూసి బయటి రాష్ట్రాల వాళ్లు ముక్కున వేలేసుకునేవారు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష కోసమే ఒక పరిశోధన కేంద్రం నడిచింది.

దిగుబడి అనే ఒక్క తూకంలో ఆ తోటలకు నూటికి నూరు మార్కులు! కానీ అవి నిలవలేదు. బావులు ఎండాయి, బోర్లు లోతుకు వెళ్లాయి. మందుల ఖర్చు, కూలి ఖర్చు పెరిగాయి. ఈలోగా నగరం అంచు దగ్గరికొచ్చి భూమి ధర రెక్కలు తొడిగింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మేడ్చల్, శామీర్‌పేటల మీదుగానే వెళ్లింది. పందిళ్లు ఉన్నచోట వెంచర్లు లేచాయి.

ఎవరిదీ తప్పని కాదు. కష్టపడి పండించిన రైతు మంచి ధర వచ్చినప్పుడు భూమి అమ్ముకుంటే కాదనేదెవరు? కానీ ఆ రోజుల్లో టన్నుల పక్కనే భూగర్భజలం ఎంత తగ్గుతోంది, ఖర్చులు పోగా రైతుకు ఏం మిగులుతోంది అన్నవి కూడా ఏటా రాసిపెట్టి ఉంటే... రాబోయేది పదేళ్ల ముందే కనిపించేది.

నిలకడ అంటే?

'సుస్థిర ఆహారం' అన్న మాట సభల్లో తరచూ వినిపిస్తుంది. తేలిక మాటల్లో చెప్పాలంటే నిలకడైన తిండి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2010లో రోమ్‌లో జరిపిన సదస్సు దీనికో నిర్వచనం ఇచ్చింది. దాని సారాంశం ఏంటంటే- ఆ తిండి ఇప్పటివాళ్ల ఆరోగ్యానికీ, రాబోయే తరాల ఆరోగ్యానికీ సరిపోవాలి. ప్రకృతి మీద భారం తక్కువ ఉండాలి. రకరకాల పంటల్నీ జీవుల్నీ కాపాడాలి. ఆ ప్రాంతపు అలవాట్లకు నప్పాలి. పండించేవాళ్లకు న్యాయం జరగాలి, కొనేవాళ్లకు అందుబాటులో ఉండాలి.

వినడానికి బాగుంది. కానీ ఇన్నింటిని ఒకే తక్కెడలో ఎలా తూస్తాం? లీటర్లను రూపాయలతో కూడలేం, రక్తహీనతను టన్నులతో భాగించలేం. అందుకే పరిశోధకులు వేర్వేరు తూకాలు వాడుతున్నారు. వాటిలో ముఖ్యమైనవి అయిదు... నీరు, గాలి, నేల, ఒళ్లు, జేబు.

మొదటి తూకం: నీరు

డచ్ శాస్త్రవేత్త అర్యెన్ హూక్‌స్ట్రా 2002లో 'నీటి అడుగుజాడ' అనే ఆలోచనను ముందుకు తెచ్చారు. ఒక వస్తువు తయారవడానికి మొదటి నుంచి చివరి దాకా ఎంత నీరు ఖర్చయిందో లెక్కకట్టడమే ఇది. ఆ లెక్కన కిలో బియ్యానికి ప్రపంచ సగటు సుమారు 2,500 లీటర్లు. నలుగురున్న ఇంట్లో తలా 400 గ్రాముల బియ్యం వండుకుంటే రోజుకు 4,000 లీటర్లన్నమాట. ఎండాకాలంలో మన వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్‌ను తలుచుకోండి. దాదాపు అంత నీరు రోజూ మన అన్నం గిన్నెలో కలిసిపోతోంది!

'సరే, జొన్నలు తింటే నీళ్లు మిగుల్తాయి కదా' అనిపిస్తుంది. ఇక్కడే ఓ తమాషా ఉంది. హూక్‌స్ట్రా, మెకోనెన్‌లు 2011లో ప్రచురించిన లెక్కల్లో కిలో వడ్లకు సుమారు 1,670 లీటర్లయితే, కిలో జొన్నలకు సుమారు 3,050 లీటర్లు పడింది! పైపైన చూసినవాళ్లు 'జొన్నకన్నా వరే నయం' అనేస్తారు. కానీ ఆ లెక్కనే విప్పి చూడండి. జొన్నకు పట్టిన నీళ్లలో దాదాపు అంతా చేను మీద పడిన వాననీరు. కాలువల నుంచో బోర్ల నుంచో తోడింది సుమారు వంద లీటర్లే. వరికి అలా తోడిన నీరు 340 లీటర్లు. జొన్న దిగుబడి తక్కువ కాబట్టి కిలోకి లెక్కేస్తే మొత్తం అంకె పెద్దదిగా కనిపిస్తుంది. ఎలాగూ పడే వానను వాడుకోవడం వేరు... నేల అడుగున దాచుకున్న నీళ్లను తోడుకోవడం వేరు. మొదటిది నెలజీతం ఖర్చు పెట్టుకోవడం లాంటిది. రెండోది బ్యాంకులో డిపాజిట్టు తీసి తినేయడం.

మన దగ్గర ఈ తేడాకు విలువ ఎక్కువ. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. గోదావరి నీళ్లు పారే ఆయకట్టులో పండిన వడ్లకూ, మేడ్చల్ లాంటి మెట్ట ప్రాంతంలో బోరు కింద పండిన వడ్లకూ బస్తా బరువు ఒకటే. నీటి ఖాతాలో మాత్రం రెండూ ఒకటి కాదు.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో మన దేశం మీదే ఓ లెక్క కట్టారు. వరి పండే జిల్లాల్లో అక్కడికి తగ్గట్టు తక్కువ నీళ్లు తాగే మక్క, రాగి, సజ్జ, జొన్నల్లో ఒకదాన్ని వేస్తే తిండిగింజలకు వాడే సాగునీరు 33 శాతం తగ్గుతుందట. పైగా దేశానికి అందే ఇనుము 27 శాతం, జింకు 13 శాతం పెరుగుతాయట. ఇది కాగితం మీది లెక్కే. వరి మానేయమని ఎవరూ అనడం లేదు. ఎంత మిగుల్తుందో తెలిస్తే ఎంత మార్చుకోవాలో మనమే నిర్ణయించుకోవచ్చు.

రెండో తూకం: గాలి

ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో మూడో వంతు తిండికి సంబంధించినవేనని 2021లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. పొలం దున్నడం దగ్గర్నుంచి ఎరువులు, పశువులు, లారీలు, ఫ్రిజ్‌లు, చెత్తకుప్పలో కుళ్లే అన్నం దాకా అన్నీ ఇందులో భాగమే.

దూరం నుంచి వచ్చిన తిండి గాలిని ఎక్కువ పాడుచేస్తుందనీ, ఊళ్లో పండింది తింటే చాలనీ చాలామంది నమ్మకం. 2018లో పూర్, నెమెసెక్ అనే శాస్త్రవేత్తలు 119 దేశాల్లోని 38,700 వ్యవసాయ క్షేత్రాల వివరాలు కూడేసి చూశారు. తేలిందేంటంటే, తిండి వల్ల వచ్చే వాయువుల్లో రవాణా వాటా 6 శాతమే! 2022లో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు మాత్రం కాదు, 19 శాతం అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రెండోవాళ్లు ఎరువులూ యంత్రాలూ పొలానికి చేరడానికి అయిన రవాణాను కూడా కలిపారు. గీత ఎక్కడ గీశాం అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ఏ లెక్కన చూసినా ఎంత దూరం నుంచి వచ్చిందన్నదాని కంటే, ఏం పండింది, ఎలా పండింది అన్నవే ముఖ్యం.

వరి మడినే తీసుకోండి. నిండా నీళ్లు నిలిపిన మడిలో గాలి ఆడక మట్టిలోని సూక్ష్మజీవులు మీథేన్‌ను విడుదల చేస్తాయి. దీనికి విరుగుడు మన రైతులకు తెలిసిన ఆరుతడే. మడిలో రంధ్రాలున్న చిన్న గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు వెళ్లాకే మళ్లీ తడి పెట్టమంటుంది అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ. నీళ్లు 30 శాతం దాకా మిగుల్తాయి, మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది. అన్నం మానక్కర్లేదు... పండించే తీరు మారితే చాలు.

మూడో తూకం: నేల

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ పేరు వినే ఉంటారు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడిదే. దళిత మహిళల సంఘాలు ఒకే చెలకలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, అనుములు, నువ్వులు, కుసుమలు... ఇలా పది పన్నెండు రకాలు కలిపి వేస్తాయి. ఒక్కో పంట దిగుబడి విడిగా తూస్తే తక్కువే. కానీ ఒక పంట పోయినా ఇంకోటి ఇల్లు గడుపుతుంది. కంది, అనుముల వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి. మనుషులకు గింజ, పశువులకు చొప్ప, పొయ్యికి కందికట్టె... ఇవన్నీ 'ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు' అన్న లెక్కలో ఎక్కడా కనిపించవు.

ఆ లెక్కకు దొరకనివి ఇంకా ఉన్నాయి. ఎవరూ విత్తకుండానే చేల గట్ల మీద మొలిచే జొన్నచెంచలి, గునుగు, తుమ్మికూర లాంటివి ఆ ఊళ్లలో కూరలకు ఆధారం. కలుపుమందు కొట్టిన చేలో అవి ఉండవు. దిగుబడి పట్టికలో మాత్రం వాటి నష్టం సున్నా... ఎందుకంటే వాటిని ఎవరూ ఎన్నడూ లెక్కలోకే తీసుకోలేదు!

1990ల నడుమ ఈ సంఘాలు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ఓ కొత్త ప్రయోగం చేశాయి. ముప్పై పైచిలుకు ఊళ్లలో బీడుపడ్డ భూములు రెండున్నర వేల ఎకరాలకు పైగా సాగులోకి తెచ్చాయి. పెట్టుబడి సాయం తీసుకున్న రైతులు బాకీని డబ్బుగా కాకుండా జొన్నలుగా తీర్చారు. ఆ గింజలను ఊళ్లోనే దాచి, పని దొరకని నెలల్లో పేదలకు చౌకగా ఇచ్చారు. ఎవరు పేదలు? దాన్ని తేల్చింది అధికారులు కాదు. ఊరంతా కూర్చుని నేల మీద ఊరి పటం గీసి ఇంటింటినీ గుర్తించింది. కొలిచే పని కూడా ఊరివాళ్లే చేయగలరని నిరూపించిన ప్రయోగమది. సంస్థను నడిపించిన వారిలో ముఖ్యులు పి.వి.సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. అంతకు ముందు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ సంఘాలను వెతుక్కుంటూ వచ్చింది.

నాలుగో తూకం: ఒళ్లు

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చినప్పుడు తెలుగునాట ఎన్నో ఇళ్లలో పొయ్యి రోజూ వెలిగింది. ఆ తర్వాత తెలంగాణలో రూపాయికే కిలో ఇచ్చారు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఉచితంగా, మనిషికి నెలకు ఆరు కిలోలు. ఆకలి తీర్చిన ఘనత బియ్యానిదే, అది కాదనలేని మాట. పండించడంలోనూ అంతే. 2024 వానాకాలంలో తెలంగాణ 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేసి, 150 లక్షల టన్నులకు పైగా ధాన్యం పండించినట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

ఇప్పుడు పక్క పేజీ తిప్పండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి, 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. గాదెలు నిండాయి, కడుపు నిండింది... ఒంట్లో రక్తం లేదు! టన్నులు కొలిచే తక్కెడ చూపించని నిజమిది.

హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 కెలోరీలు అవసరమైన మనిషికి తిండిగింజలు 250 గ్రాములు చాలంది. ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పప్పులు- గుడ్లు- మాంసం కలిపి 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, పల్లీలూ నువ్వుల్లాంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు ఉండాలంది. శక్తిలో 45 శాతానికి మించి తిండిగింజల నుంచి రాకూడదు. మన దేశంలో వస్తున్నది 50 నుంచి 70 శాతం!

ప్రపంచానికంతటికీ ఒకే పళ్లెం గీసే ప్రయత్నమూ జరిగింది. 2019 జనవరిలో ఈట్-లాన్సెట్ సంఘం మనుషుల ఆరోగ్యానికీ భూగోళానికీ మంచిదంటూ ఓ భోజనాన్ని సూచించింది. మాంసం బాగా తగ్గించమంది. అమెరికావాళ్లకు అది సరైన మాటే. మరి మనకో? 2014 నాటి ప్రభుత్వ లెక్కల్లో తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులమని తేలింది. అలాగని రోజూ తింటున్నామా? మన దేశపు తిండిని ఆ పళ్లెంతో పోల్చిన 2020 నాటి అధ్యయనంలో ఎక్కువైనవి తిండిగింజలైతే, తక్కువైనవి పప్పులు, కూరగాయలు, పండ్లు, గుడ్లు, చేపలు, మాంసం. అంగన్‌వాడీ పిల్లకు ఇచ్చే గుడ్డును తగ్గించమనే కొలత మనకు పనికిరాదు. పళ్లెం ఎవరిదో చూసి తూకం వేయాలి.

దగ్గర్లో పండినదంతా ఒంటికి మంచిదేనా అంటే, అదీ చెప్పలేం. హైదరాబాద్ దిగువన మూసీ మురుగునీటితో పెరిగే గడ్డి, ఆకుకూరల మీద అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ శాస్త్రవేత్తలు ఏళ్లతరబడి అధ్యయనాలు చేశారు. ఆ సాగు ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువు, నగరానికి తాజా కూర. ఆ నీళ్లలో ఏమున్నాయన్నది మాత్రం వేరే ఖాతాలో రాయాల్సిన లెక్క.

అయిదో తూకం: జేబు

ఇందులో రెండు జేబులున్నాయి. ఒకటి పండించేవాళ్లది, రెండోది తినేవాళ్లది.

మొదటిదానికి ఉదాహరణ ఆంధ్రప్రదేశ్. అక్కడ 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది. 2024లో దానికి గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. పది లక్షల యూరోల ఆ బహుమతిని మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్, ఈజిప్టు సంస్థ సెకెమ్‌లతో పంచుకుంది. అంతకు ఏడాది ముందు 'జిస్ట్ ఇంపాక్ట్' అనే సంస్థ ప్రకృతి వ్యవసాయం చేసే ఊళ్లనూ, చేయని ఊళ్లనూ పక్కపక్కన పెట్టి కొలిచింది. దిగుబడి ఒక్కటే కాదు... రైతుకు మిగిలినది, పనిదినాలు, అనారోగ్యంతో పోయిన రోజులు, ఊళ్లో మనుషుల మధ్య నమ్మకం దాకా. ప్రకృతి వ్యవసాయం చేసే ఊళ్లలో దిగుబడి సగటున 11 శాతం, రైతు నికర ఆదాయం 49 శాతం ఎక్కువని తేలింది. జబ్బు చేసి పోగొట్టుకున్న పనిదినాలు మూడో వంతు తక్కువట. కూలి పని మాత్రం 21 శాతం పెరిగింది. ఇది లాభమా, నష్టమా? కూలికి వెళ్లే ఇంటికి లాభం. కూలీలు దొరక్క తల పట్టుకునే రైతుకు భారం. ఒకే అంకె... రెండు ఇళ్లలో రెండు అర్థాలు.

ఇక తినేవాళ్ల జేబు. ఈట్-లాన్సెట్ పళ్లెం వచ్చిన కొద్ది నెలలకే దాని ధర లెక్కేసిన పరిశోధకులు, కనీసం 158 కోట్ల మంది రోజు సంపాదనంతా పోసినా దాన్ని కొనలేరని చెప్పారు. ఆరోగ్యకరమైన భోజనం కొనుక్కోలేనివాళ్లు 2024లో ప్రపంచంలో 260 కోట్ల మంది అంటోంది ఐక్యరాజ్య సమితి సంస్థల 2025 నివేదిక. 'అన్నం తగ్గించి కూరగాయలు పెంచండి' అని చెప్పడం తేలికే. కిలో టమాటా వంద దాటిన నెలలో ఆ మాట రోజుకూలి ఇంట్లో చెప్పి చూడండి!

1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రైతుబజార్లు ఈ రెండు జేబుల్నీ కలిపే ప్రయత్నమే. దళారీ లేకపోతే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ, కొనేవాళ్లకు నాలుగు రూపాయలు తక్కువ. అలాంటి సంతకు కూరలు రావాలంటే మాత్రం నగరం చుట్టూ కూరలు పండే నేల మిగలాలి.

ఒకటి పెరిగితే ఒకటి తరుగుతుంది

అయిదు తూకాలూ పక్కపక్కన పెడితే అర్థమయ్యే సంగతి ఒకటుంది. ఏ పంటా అన్నింట్లో మొదటి మార్కు తెచ్చుకోదు. జొన్న నీటిలో గెలుస్తుంది, దిగుబడిలో ఓడుతుంది. బియ్యం పేదవాడి జేబుకు దన్ను, నీటి ఖాతాకు బరువు. కోడిగుడ్డు ఒంటికి మేలు చేస్తుంది, దాణా కోసం భూమినీ నీటినీ అడుగుతుంది. ఆకుకూర వారానికోసారి కోతకొచ్చి రైతుకు చేతిఖర్చు ఇస్తుంది, రోజూ తడి కోరుతుంది.

అందుకే అన్నింటినీ కలిపి 'ఈ ప్రాంతం తిండికి వందకు 62 మార్కులు' అని ఒక్క అంకె ఇస్తే నమ్మొద్దంటారు కొందరు నిపుణులు. ఆ ఒక్క అంకె కింద ఏం దాగిందో కనబడదు మరి. నీటిలో వచ్చిన సున్నాను దిగుబడిలో వచ్చిన నూరు కప్పేస్తుంది... మన ద్రాక్షతోటల్లో జరిగినట్టే. అయిదు గడులు అయిదుగానే ఉంచి, ఏటా ఏది పెరిగింది, ఏది తరిగింది అని చూడటమే మేలు.

నగరాన్నీ దాని చుట్టూ ఉన్న పల్లెల్నీ కలిపి ఒకే ఆహార ప్రాంతంగా కొలిచే పద్ధతిని ఆహార, వ్యవసాయ సంస్థ కొలంబో, టొరంటో, మెడెలిన్, లుసాకా లాంటి ఏడు నగరాల్లో అమలుచేసి చూసింది. నగరం తినేది ఎక్కడి నుంచి వస్తోంది, వరదొచ్చి దారులు మూసుకుపోతే ఎన్నాళ్లు సరిపోతుంది, శివార్లలో సాగుభూమి ఏటా ఎంత తగ్గుతోంది... ఇవీ అక్కడ అడిగే ప్రశ్నలు. లాక్‌డౌన్ రోజుల్లో కూరగాయల బండి కోసం గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ ప్రశ్నల విలువ వేరే చెప్పక్కర్లేదు.

అత్వెల్లి లాంటి ఊరికి అలాంటి చిట్టా ఒకటి రాయాలంటే పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఊరి చెరువులో ఏటా ఉగాదికి ఎన్ని అడుగుల నీళ్లున్నాయి? కొత్తగా వేసిన బోరులో ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి? ఎన్ని ఎకరాల్లో తిండి పండుతోంది, ఎన్ని ఎకరాలు ప్లాట్లయ్యాయి? ఎన్ని రకాల పంటలున్నాయి? అంగన్‌వాడీలో పిల్లల బరువెంత? కూరలు అమ్మిన రైతుకు వినియోగదారు ఇచ్చిన రూపాయిలో ఎన్ని పైసలు చేరాయి? వీటిలో చాలావరకు ఏదో ఒక రిజిస్టర్‌లో ఉండే వివరాలే. విడివిడిగా ఉన్నాయంతే. బడిపిల్లలతో ఒకచోట రాయించినా చాలు, అయిదేళ్లకు ఊరి తిండి ఏ దారిలో నడుస్తోందో కళ్లకు కడుతుంది. ఉన్న నాలుగు కూరగాయల మడులు మిగలాలో వద్దో అప్పుడు ఊరు తెలిసి నిర్ణయించుకుంటుంది. తెలియక పోగొట్టుకోవడం వేరు, తెలిసి వదులుకోవడం వేరు కదా!

మీ ఇంటి చిట్టా... వారం రోజులు!

ఊరి లెక్క సంగతి అలా ఉంచి, వంటింటి లెక్క ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఫ్రిజ్ తలుపుకు ఓ కాగితం అంటించండి. పిల్లలకు అప్పజెబితే ఇంకా బాగా రాస్తారు.

బియ్యం: రోజూ ఎన్ని గ్రాములు పోశారు? నలుగురున్న ఇంట్లో తిండిగింజలన్నీ కలిపి కిలోకి అటూఇటుగా ఉంటే పోషకాహార సంస్థ చెప్పిన కొలతలో ఉన్నట్టే. అందులో జొన్నరొట్టె, రాగిజావ, కొర్రన్నం వారానికి ఎన్నిసార్లు వచ్చాయో కూడా రాయండి.

కూర: ఇంటిల్లిపాదికీ కలిపి రోజుకు కిలోన్నర కూరగాయలు వండారా? నలుగురికి కావలసింది 1,600 గ్రాములు. ఈ గడిలో చాలామందికి సగం కూడా రాదు.

రకాలు: వారంలో ఎన్ని రకాల గింజలు, పప్పులు, కూరలు, పండ్లు పళ్లెంలోకి వచ్చాయి? ఇరవై దాటితే మెచ్చుకోవాల్సిందే.

పారేసింది: ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లలో తలా ఏడాదికి 55 కిలోల తిండి వృథా. నలుగురికి 220 కిలోలు! అందులో తొక్కలూ ఉంటాయనుకోండి. పారేసే ముందు ఓసారి తూచండి. కిలో బియ్యం వండి పారబోస్తే 2,500 లీటర్లు ఒలికిపోయినట్టే.

అడిగింది: ఇది అంకె కాదు, ప్రశ్న. కూరలమ్మే అవ్వనో, రైతుబజార్లో కూర్చున్న రైతునో వారానికి ఒక్కసారైనా 'ఇది ఎక్కడిది? బోరు కిందా, వానకా? ఏం మందు కొట్టారు? మీకెంత మిగులుతుంది?' అని అడగండి. జవాబు ఏదైనా రాసుకోండి. అయిదు గడుల్లో నింపడానికి అన్నింటికన్నా కష్టమైనది ఇదే. నలుగురూ అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లూ జవాబు సిద్ధం చేసుకుని వస్తారు.